పెంటకుప్పలో వేడిని ఇష్టపడే బ్యాక్టీరియాని పట్టి, పీసీఆర్‌తో పోల్చుకోవడం ఎలా?

చలికాలం పొద్దున్నే ఊళ్లో పెంటకుప్పని పారతో అడుగు లోతు తవ్వి చూడండి. పొగలా ఆవిరి లేస్తుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఎవరూ మంట పెట్టలేదు, ఎండ కూడా ఇంకా రాలేదు. పేడ, గడ్డి, ఆకులు తింటూ బతికే సూక్ష్మజీవులు పుట్టించిన వేడి అది. కుప్ప పెద్దదై, సరిపడా తడీ గాలీ ఉంటే లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అంత వేడికి మన పేగుల్లో ఉండే ఇ. కోలై లాంటి బ్యాక్టీరియా చచ్చిపోతాయి. కొన్ని మాత్రం అప్పుడే హాయిగా పెరగడం మొదలుపెడతాయి. వాటినే థర్మోఫైల్స్ అంటారు.

అలాంటి ఒక బ్యాక్టీరియాని పెంటకుప్ప నుంచి వేరు చేసి, దాని 16ఎస్ జీన్‌ని (బ్యాక్టీరియా అన్నిటిలోనూ ఉండి, జాతిని పోల్చుకోవడానికి పనికొచ్చే జీన్) పీసీఆర్‌తో, అంటే డీఎన్ఏ ముక్కని వేడి చేస్తూ చల్లబరుస్తూ కోట్ల కాపీలు తీసే పద్ధతితో పెంచి, అది ఏ జాతిదో తెలుసుకునే పద్ధతి ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా చెబుతున్నాను. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతూ మొదటిసారి సొంతంగా పీసీఆర్ చేయబోతున్నవాళ్లని మనసులో పెట్టుకుని రాశాను. 60 డిగ్రీలకి వెళ్లగల ఇంక్యుబేటర్, థర్మల్ సైక్లర్ (పీసీఆర్ మెషీన్), డీఎన్ఏ ముక్కల్ని సైజుని బట్టి విడదీసే జెల్ రన్ చేసే సెట్టు ఉంటే చాలు. సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుస చదవడం) కోసం బయటికి పంపించవచ్చు. అది వదిలేస్తే మొత్తం పని వారం రోజుల్లో అయిపోతుంది.

ఈ పనిని ఎంచుకోవడానికి నాకు ఒక కారణం ఉంది. మీరు పట్టబోయేది వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా. దాన్ని పోల్చుకోవడానికి వాడబోయే టాక్ పాలిమరేజ్ (డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్) కూడా అలాంటి బ్యాక్టీరియా ఇచ్చిందే. ఈ రెంటినీ ఒకే వారంలో చేతులతో చూసినవాళ్లకి పీసీఆర్ మెషీన్‌లో నొక్కే ప్రతి అంకెకీ అర్థం తెలుస్తుంది. చాలామంది ప్రోటోకాల్ కాగితం చూసి 95, 55, 72 అని కొట్టేస్తారు. ఎందుకు 72 అని అడిగితే చెప్పలేరు. రిజల్ట్ రాని రోజున వాళ్లకి ఎక్కడ వెతకాలో తెలియక టెన్షన్ పడతారు.

మొదలుపెట్టే ముందు: ఆ ఎంజైమ్ ఊరు ఏది?

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మష్రూమ్ స్ప్రింగ్ అనే వేడినీటి బుగ్గ ఉంది. 1966లో ఇండియానా యూనివర్సిటీ ప్రొఫెసర్ థామస్ బ్రాక్, ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ కలిసి ఆ బుగ్గ నుంచి తెచ్చిన నమూనాలో ఒక బ్యాక్టీరియాని పెంచారు. 70 డిగ్రీల దగ్గర అది బాగా పెరిగింది. ఆ స్ట్రెయిన్‌కి వైటీ-1 అని గుర్తు పెట్టారు. 1969లో థర్మస్ అక్వాటికస్ అనే పేరుతో లోకానికి తెలియజేశారు.

ఇక్కడ మీ పనికి నేరుగా ఉపయోగపడే సంగతి ఒకటుంది. అంతకుముందు వేడి బ్యాక్టీరియా కోసం వెతికినవాళ్లు అలవాటుగా 55 డిగ్రీల దగ్గర, చిక్కటి మీడియంలో పెంచేవారు. అక్కడ బాసిల్లస్ తరహావి గబగబా పెరిగి ప్లేటంతా ఆక్రమించేస్తాయి. బ్రాక్ బృందం ఉష్ణోగ్రతని 70కి పైకి తీసుకెళ్లింది, పోషకాలు పలచగా ఇచ్చింది. అప్పుడు థర్మస్ కనిపించింది. ఎల్లోస్టోన్‌లోనే కాదు, మామూలు కుళాయిలో వచ్చే వేడినీళ్లలో కూడా దొరికింది! మీరు ఇంక్యుబేటర్‌లో ఏ అంకె పెడతారో దాన్నిబట్టే మీకు ఏ జీవి దొరుకుతుందో తేలుతుంది.

1976లో సిన్సినాటి యూనివర్సిటీకి చెందిన ఆలిస్ చియెన్, డేవిడ్ ఎడ్గర్, జాన్ ట్రెలా ఈ బ్యాక్టీరియా నుంచి డీఎన్ఏ పాలిమరేజ్‌ని శుద్ధి చేశారు. థర్మస్ అక్వాటికస్ పేరు మీదుగా దాన్నే టాక్ అంటారు. 1983లో సీటస్ కంపెనీలో పనిచేస్తున్న కేరీ ముల్లిస్‌కి పీసీఆర్ ఆలోచన వచ్చింది. మొదట్లో ఇ. కోలై పాలిమరేజ్ ముక్కతో చేసేవారు. డీఎన్ఏ పోగులు విడదీయడానికి 95 డిగ్రీలకి వేడి చేసిన ప్రతిసారీ ఆ ఎంజైమ్ పాడైపోయేది. ప్రతి సైకిల్‌కీ ట్యూబు మూత తీసి కొత్త ఎంజైమ్ వేయాల్సి వచ్చేది. 1988లో టాక్‌తో చేసిన పీసీఆర్ ప్రచురితమయ్యాక ఆ తిప్పలు పోయాయి. ముల్లిస్‌కి 1993లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మొదటి మెట్టు: నమూనా తేవడం

బాగా మాగిపోయి చల్లబడిన ఎరువు పనికిరాదు. ఇంకా ఉడుకుతున్న కుప్ప కావాలి. పొడవాటి థర్మామీటర్ దింపి చూసి, 55 దాటిన చోటు ఎంచుకోండి. పైపొర తీసేసి, అడుగు లోతు నుంచి శుభ్రం చేసిన గరిటెతో పది గ్రాములు స్టెరైల్ సీసాలోకి తీసుకోండి. అక్కడి ఉష్ణోగ్రత, తేదీ సీసా మీదే రాయండి.

మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. తవ్వేటప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ బూజు బీజాలు, ఒక్కోసారి లీజియోనెల్లా కూడా ఉంటాయి. ఊళ్లో పెద్దవాళ్లు రోజూ ఉత్త చేతులతో ఎత్తుతున్నారు కదా అని మీరు వదిలేయకండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ మెట్టు వేరేవాళ్లకి అప్పగించడం మంచిది.

రెండో మెట్టు: 60 డిగ్రీల దగ్గర పెంచడం

ఒక గ్రాము నమూనాని 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్‌లో (0.85 శాతం ఉప్పు) వేసి బాగా కుదపండి. పదేసి రెట్లు పలచన చేస్తూ అయిదు ట్యూబులు తయారుచేయండి. చివరి మూడింటి నుంచి 100 మైక్రోలీటర్లు తీసి న్యూట్రియంట్ అగార్ ప్లేట్ల మీద పరచండి.

ఈ పనిలో ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది ప్లేట్లు ఎండిపోవడం. 37 డిగ్రీల అలవాటుతో 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో అలాగే పెట్టేస్తే తెల్లారేసరికి అగార్ అప్పడంలా ఎండి ఉంటుంది. అందుకే మూడు జాగ్రత్తలు తీసుకోండి. మామూలుగా 1.5 శాతం వేసే అగార్‌ని 2 శాతం చేయండి. ప్లేటులో మీడియం కాస్త మందంగా పోయండి. ప్లేట్లని తలకిందులుగా జిప్ కవర్‌లో పెట్టి, పక్కన తడి టిష్యూ ఉంచి మూసేయండి. ఇంక్యుబేటర్ అడుగున ఒక బీకరు నీళ్లు పెడితే ఇంకా మంచిది.

18 నుంచి 24 గంటల్లో కాలనీలు కనిపిస్తాయి. కొన్ని ప్లేటంతా పల్చగా పాకేస్తాయి. విడిగా, గుండ్రంగా ఉన్నవాటిని ఎంచుకుని కొత్త ప్లేటు మీద గీయండి. మళ్లీ ఒకసారి గీయండి. రెండుసార్లూ ఒకే రకం కాలనీలు వస్తేనే అది శుద్ధమైన కల్చర్. ఇక్కడ ఒక రోజు ఆదా చేద్దామనుకుంటే చివర సీక్వెన్స్‌లో రెండు జీవులు కలిసిపోయి, మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

60 డిగ్రీల దగ్గర ఎక్కువగా దొరికేవి జియోబాసిల్లస్, దాని దగ్గరి బంధువులు. గ్రామ్ స్టెయిన్‌లో ఊదారంగు కడ్డీల్లా కనిపిస్తాయి, చాలావాటిలో లోపల స్పోరు (వేడికీ ఎండకీ తట్టుకునే గట్టి నిద్రావస్థ రూపం) ఉంటుంది. మీకు థర్మస్సే కావాలనుకుంటే బ్రాక్ దారిలో వెళ్లండి. ట్రిప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 0.1 శాతం చొప్పున మాత్రమే వేసిన మీడియం చేసి, 70 దగ్గర పెట్టండి. ఆ వేడికి అగార్ మెత్తబడి నీరు వదులుతుంది కాబట్టి గెల్లాన్ గమ్ వాడాలి. నమూనా కూడా పెంటకుప్ప కన్నా వేడినీటి బుగ్గ నుంచి తెస్తే అవకాశం ఎక్కువ. మన దగ్గర మణుగూరు వైపు గోదావరి లోయలో అలాంటి బుగ్గలున్నాయి.

మూడో మెట్టు: డీఎన్ఏ బయటికి తీయడం

దీనికి కిట్ అక్కర్లేదు. తాజా కాలనీ నుంచి గుండుసూది తలంత మాత్రమే స్టెరైల్ టూత్‌పిక్‌తో తీసి, 100 మైక్రోలీటర్ల న్యూక్లియేజ్ లేని నీళ్లలో కలపండి. 98 లేదా 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టండి. 12,000 ఆర్పీఎం దగ్గర రెండు నిమిషాలు తిప్పి, పైన తేటగా ఉన్న నీళ్లు వేరే ట్యూబులోకి తీసుకోండి. అదే మీ టెంప్లేట్, అంటే కాపీలు తీయాల్సిన మూల డీఎన్ఏ.

వేడికి తట్టుకునే బ్యాక్టీరియా కదా, మరిగిస్తే పగులుతుందా అని అడుగుతుంటారు. దాని హద్దు 75 డిగ్రీల దగ్గరే. 100 దగ్గర మామూలు కణాలు పగిలిపోతాయి. అయితే స్పోర్లు పగలవు. అందుకే నిన్నటి ప్లేటు వాడండి, వారం కిందటిది వద్దు. పాత ప్లేటులో కణాలన్నీ స్పోర్లుగా మారి ఉంటాయి. కాలనీ పెద్ద ముద్దగా తీసినా పనిచేయదు. కణాల చెత్త పాలిమరేజ్‌ని అడ్డుకుంటుంది. మరిగించినా రాకపోతే, మూడుసార్లు మైనస్ 80లో గడ్డకట్టించి కరిగించి, తర్వాత మరిగించండి.

టీఈ బఫర్‌లో కాకుండా నీళ్లలోనే తీయమనడానికి కారణం ఉంది. టీఈలో ఉండే ఈడీటీఏ మెగ్నీషియంని పట్టేసుకుంటుంది. మెగ్నీషియం లేకపోతే టాక్ పనిచేయదు.

నాలుగో మెట్టు: మిక్స్ కలపడం

ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు): 27ఎఫ్, 1492ఆర్ అనే జత. దాదాపు అన్ని బ్యాక్టీరియాలోనూ పనిచేస్తాయి. ఇ. కోలై 16ఎస్ జీన్‌లో అవి అతుక్కునే చోట్ల అంకెలే ఆ పేర్లు. రెంటికీ మధ్య సుమారు 1,500 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్క వస్తుంది.

ఒక ట్యూబుకి 25 మైక్రోలీటర్ల లెక్క ఇది:

పది రెట్ల బఫర్ (మెగ్నీషియం లేనిది): 2.5
మెగ్నీషియం క్లోరైడ్, 25 మిల్లీమోలార్: 1.5
డీఎన్‌టీపీ (డీఎన్ఏ కట్టడానికి ముడిసరుకు) మిక్స్, ఒక్కొక్కటి 10 మిల్లీమోలార్: 0.5
ఫార్వర్డ్ ప్రైమర్, 10 మైక్రోమోలార్: 0.5
రివర్స్ ప్రైమర్, 10 మైక్రోమోలార్: 0.5
టాక్, మైక్రోలీటర్‌కి 5 యూనిట్లు: 0.2
నీళ్లు: 18.3
టెంప్లేట్: 1

కొన్ని కంపెనీల బఫర్‌లో మెగ్నీషియం ముందే కలిసి ఉంటుంది. ట్యూబు మీద చదవండి. ఉంటే మీరు వేరేగా వేయొద్దు, ఆ 1.5 నీళ్లతో నింపండి.

0.2 మైక్రోలీటర్‌ని ఏ పిపెట్టూ నమ్మకంగా తీయలేదు. అందుకే అన్ని ట్యూబులకీ కలిపి ఒకేసారి తయారుచేసే మాస్టర్ మిక్స్. ఆరు కాలనీలు, ఒక పాజిటివ్ కంట్రోల్, ఒక నీళ్ల కంట్రోల్ కలిపి ఎనిమిది ట్యూబులనుకోండి. తొమ్మిదింటికి సరిపడా కలపండి: నీళ్లు 164.7, బఫర్ 22.5, మెగ్నీషియం 13.5, డీఎన్‌టీపీ 4.5, ప్రైమర్లు ఒక్కొక్కటి 4.5, టాక్ 1.8. మొత్తం 216 వస్తుంది. ట్యూబుకి 24 చొప్పున పంచి, చివర ఒక్కో మైక్రోలీటరు టెంప్లేట్ వేయండి. పాజిటివ్ కంట్రోల్‌కి ఇంతకుముందు పీసీఆర్ అయిందని తెలిసిన డీఎన్ఏ, నీళ్ల కంట్రోల్‌కి ఒట్టి నీళ్లు.

టాక్ 50 శాతం గ్లిజరాల్‌లో వస్తుంది. అందుకే మైనస్ 20లో పెట్టినా గడ్డకట్టదు, పాకంలా ఉంటుంది. నీళ్లకన్నా బరువు కాబట్టి మిక్స్‌లో వేయగానే అడుక్కి దిగిపోతుంది. నేను మొదట్లో పైపైన ఒకసారి ఊపి పంచేసేవాణ్ని. మొదటి నాలుగు ట్యూబుల్లో బ్యాండ్ (జెల్‌లో కనిపించే డీఎన్ఏ గీత) రాదు, చివరి రెంటిలో మాత్రం దట్టంగా వస్తుంది. నాలుగు రోజులు డీఎన్ఏనే అనుమానించాను. అసలు తప్పు కలపడంలో ఉంది. పిపెట్‌తో మెల్లగా పదిసార్లు పైకీ కిందికీ లాగి, చిన్నగా ఒక్కసారి స్పిన్ చేసి పంచండి. నురగ రాకుండా చూసుకోండి.

అంతా ఐసు మీదే చేయండి. టాక్‌కి వేడంటే ఇష్టమేగా, ఐసు దేనికి అనిపించవచ్చు. 70 డిగ్రీల దగ్గర పనిచేసేదే అయినా 30-40 డిగ్రీల దగ్గర అది పూర్తిగా నిద్రపోదు. మే నెలలో ఏసీ లేని ల్యాబులో మిక్స్ కలిపి అరగంట వదిలేస్తే, ప్రైమర్లు ఒకదాన్నొకటి అరకొరగా పట్టుకుంటాయి, టాక్ వాటిని పొడిగించేస్తుంది. జెల్‌లో కింద కనిపించే ప్రైమర్ డైమర్ మసక అలా పుట్టిందే. హాట్ స్టార్ట్ టాక్ అని అమ్మేది ఈ సమస్యకి మందు. దాన్ని యాంటీబాడీతోనో రసాయనంతోనో కట్టేసి ఉంచుతారు. 95కి వేడెక్కాకే కట్టు విడిపోతుంది.

ఎవరో మర్చిపోయి టాక్ ట్యూబుని రాత్రంతా బయట వదిలేస్తే వెంటనే పారేయకండి. పాజిటివ్ కంట్రోల్‌తో పరీక్షించి చూడండి, తరచూ బాగానే పనిచేస్తుంది. డీఎన్‌టీపీల సంగతి అలా కాదు. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే అవి విరిగిపోతాయి. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకోండి.

అయిదో మెట్టు: మెషీన్‌లో అంకెలు

95 డిగ్రీలు, 5 నిమిషాలు
28 సైకిళ్లు: 95 దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 90 సెకన్లు
72 డిగ్రీలు, 7 నిమిషాలు
ఆ తర్వాత 10 డిగ్రీల దగ్గర ఆపి ఉంచడం

95 దగ్గర డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. టాక్ ఆ వేడిని ఓర్చుకుంటుంది గాని, చిరంజీవి కాదు. 95 దగ్గర సుమారు 40 నిమిషాల్లో దాని బలం సగానికి పడిపోతుంది. 97.5 దగ్గర 9 నిమిషాలకే సగమైపోతుంది! మన ప్రోగ్రామ్‌లో అది 95 దగ్గర గడిపేది 5 నిమిషాలు, 28 సార్లు అర నిమిషం, వెరసి 19 నిమిషాలు. నిశ్చింతగా సరిపోతుంది. "ఇంకా బాగా విడిపోవాలి" అని 98 పెట్టేవాళ్లు తమ ఎంజైమ్‌ని తామే చంపుకుంటున్నారు.

55 దగ్గర ప్రైమర్లు అతుక్కుంటాయి. ఈ అంకె ఎంజైమ్‌ది కాదు, ప్రైమర్‌ది. చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి: ప్రైమర్‌లో ఉన్న ప్రతి ఏ, టీలకి 2 డిగ్రీలు, ప్రతి జీ, సీలకి 4 డిగ్రీలు. 20 బేస్‌ల ప్రైమర్‌లో సగం జీసీ ఉంటే 20, 40 కలిపి 60. అందులోంచి 5 తీసేసి 55 దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడే టాక్ చేసిన రెండో మేలు ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. ఇ. కోలై ఎంజైమ్‌తో ప్రైమర్లని 37 దగ్గర అతికించాల్సి వచ్చేది. అంత చల్లగా ఉంటే ప్రైమర్ సగం సరిపోయిన చోట కూడా అతుక్కుపోతుంది, అక్కర్లేని ముక్కలన్నీ పెరుగుతాయి. టాక్ వచ్చాక 55, 60, 65 దాకా వెళ్లగలిగాం. సరిగ్గా సరిపోయిన చోటే ప్రైమర్ నిలుస్తుంది. మూత తీసే పని తప్పడం కన్నా ఇది పెద్ద మార్పు అని నా అభిప్రాయం.

72 దగ్గర టాక్ తన ఊరి ఉష్ణోగ్రతలో ఉన్నట్టే. వెయ్యి బేస్‌లకి ఒక నిమిషం లెక్కన 1,500కి 90 సెకన్లు ఇచ్చాం.

28 సైకిళ్లే ఎందుకు? ప్రతి సైకిల్‌కీ రెట్టింపైతే, లెక్క ప్రకారం ఒక్క డీఎన్ఏ ముక్క 26 కోట్లు దాటుతుంది. మనకి అది చాలు. 16ఎస్ పీసీఆర్‌లో 35, 40 సైకిళ్లు పెట్టకూడదనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. మీ ఫ్రీజర్‌లో ఉన్న టాక్ ఎల్లోస్టోన్ నుంచి రాదు. థర్మస్ జీన్‌ని ఇ. కోలైలో పెట్టి పెంచుతారు. కణాలు పగలగొట్టి 75 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, గుడ్డు ఉడికినట్టు ఇ. కోలై ప్రోటీన్లన్నీ గడ్డకట్టి అడుక్కి చేరతాయి. టాక్ మాత్రం కరిగే ఉంటుంది. ఎంత తేలికైన శుద్ధి! అయితే ఎంత శుభ్రం చేసినా ఇ. కోలై డీఎన్ఏ రవ్వంత మిగిలిపోవచ్చు. మన ప్రైమర్లు ఏ బ్యాక్టీరియానైనా పట్టేవి కాబట్టి, సైకిళ్లు పెంచితే ఆ రవ్వ కూడా పెరిగి నీళ్ల కంట్రోల్‌లో బ్యాండ్‌లా కనిపిస్తుంది.

మొత్తం రెండు గంటలు పడుతుంది. ఎండాకాలం కరెంటు పోయే చోట మెషీన్‌ని యూపీఎస్ మీద పెట్టకుండా రన్ మొదలుపెట్టకండి.

ఆరో మెట్టు: జెల్

40 మిల్లీలీటర్ల టీఏఈ బఫర్‌లో 0.4 గ్రాముల అగరోజ్ వేసి, తేటగా అయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక పోయండి. ఒక్కో నమూనా 5 మైక్రోలీటర్లు, పక్కన పోల్చి చూడటానికి ఒక కిలోబేస్ ల్యాడర్ (తెలిసిన సైజుల డీఎన్ఏ ముక్కల మిశ్రమం). 100 వోల్టుల దగ్గర 35-40 నిమిషాలు. డీఎన్ఏ కనిపించడానికి ఎథిడియం బ్రోమైడ్ రంగు వాడితే గ్లవ్స్ తీయకుండా ఫోను, తలుపు గొళ్లెం ముట్టుకోవద్దు. యూవీ కింద చూసేటప్పుడు ముఖానికి షీల్డు ఉండాలి.

ముందు నీళ్ల కంట్రోల్ చూడండి, ఆ తర్వాతే మీ కాలనీలు. నీళ్లలో బ్యాండ్ వస్తే మిగతావి ఎంత అందంగా ఉన్నా ఆ జెల్‌ని నమ్మకూడదు. నీళ్ల కంట్రోల్ ఖాళీగా ఉండి, పాజిటివ్‌లో 1,500 దగ్గర బ్యాండ్ ఉండి, మీ కాలనీల్లోనూ అదే ఎత్తులో ఉంటే పని అయినట్టే.

రాకపోతే ఎక్కడ వెతకాలి?

పాజిటివ్‌లో కూడా బ్యాండ్ లేదంటే తప్పు మిక్స్‌లోనో ప్రోగ్రామ్‌లోనో ఉంది. ఎక్కువసార్లు మెగ్నీషియం మర్చిపోవడమే కారణం. పాజిటివ్ వచ్చి మీ కాలనీలు రాకపోతే తప్పు టెంప్లేట్‌లో ఉంది. దాన్ని పదిరెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. డీఎన్ఏ తగ్గిస్తే బ్యాండ్ ఎలా వస్తుందని వింతగా ఉంటుంది గాని, దాంతోపాటు అడ్డుకునే పదార్థాలు కూడా పలచబడతాయి. ముఖ్యంగా ఎరువు, మట్టి నుంచి నేరుగా తీసిన డీఎన్ఏలో హ్యూమిక్ ఆమ్లాలు ఉంటాయి, అవి టాక్‌కి గట్టి శత్రువులు. థర్మస్ లాంటి జీసీ ఎక్కువున్న జీవి అయితే 5 శాతం డీఎంఎస్ఓ కలిపి చూడండి. బ్యాండ్లు నాలుగైదు వస్తే ఎనీలింగ్‌ని (ప్రైమర్లు అతుక్కునే ఆ 55ని) రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ వెళ్లండి. ఒక రన్‌లో ఒక్క మార్పే చేయండి. మూడు ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ఏ పనికి ఏ వేడి ఎంజైమ్?

జాతిని పోల్చుకోవడానికి టాక్ సరిపోతుంది. కాని దానికి తను రాసింది తిరిగి చదివి దిద్దుకునే గుణం లేదు. అందుకే జీన్‌ని క్లోన్ చేసి ప్రోటీన్ తయారుచేయాలనుకునేవాళ్లు పీఎఫ్‌యూ వాడాలి. ఇటలీలోని వల్కానో దీవి దగ్గర దొరికిన పైరోకాకస్ ఫ్యూరియోసస్ నుంచి వచ్చింది. ఆ జీవి 100 డిగ్రీల దగ్గర పెరుగుతుంది. కచ్చితంగా చెప్పాలంటే అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా. పీఎఫ్‌యూ తప్పులు దిద్దుకుంటుంది గాని నెమ్మది. వెయ్యి బేస్‌లకి రెండు నిమిషాలు ఇవ్వాలి. టాక్ ముక్క చివర ఒక ఏ అదనంగా తగిలిస్తుంది, టీఏ క్లోనింగ్ దాని మీదే ఆధారపడింది. పీఎఫ్‌యూతో చేసిన ముక్కకి ఆ ఏ ఉండదు.

మీరు పెంటకుప్పలో పట్టింది జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అయితే, అదీ ఈ రంగంలో తక్కువదేం కాదు. దాని పాలిమరేజ్‌ని బీఎస్‌టీ అంటారు. 65 డిగ్రీల దగ్గర, సైకిళ్లు లేకుండా, ఎదురొచ్చిన పోగుని తనే నెట్టుకుంటూ కాపీ చేస్తుంది. ల్యాంప్ అనే పద్ధతి దీనితోనే చేస్తారు. సైక్లర్ లేని చోట వాటర్ బాత్ ఉన్నా చాలు. బీఎస్‌టీని మాత్రం 95కి తీసుకెళ్లకండి, చచ్చిపోతుంది. అదే జీవి స్పోర్లని ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి కూడా వాడతారు. మీ ప్లేట్లు పారేసే ముందు ఆటోక్లేవ్ ఎందుకు పూర్తిసేపు నడపాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు జాగ్రత్త. టాక్-వన్ అనే పేరుతో ఇంకో ఎంజైమ్ ఉంది. అదే బ్యాక్టీరియా నుంచి వచ్చింది గాని, అది టీసీజీఏ దగ్గర డీఎన్ఏని కోసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్. 65 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. పేరు చూసి పొరపాటున అదే తెప్పించుకుంటే పీసీఆర్ జరగదు.

కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలో అందరి నోటా నానిన ఆర్టీపీసీఆర్‌లో కూడా టాక్ గుణం ఒకటి ఉంది. అది ముందుకు నడుస్తూ దారిలో అడ్డొచ్చిన పోగుని కొరికేస్తుంది. అక్కడ వెలుగు దాచుకున్న ఒక ప్రోబ్‌ని అతికించి ఉంచుతారు. టాక్ దాన్ని కొరకగానే వెలుగు బయటపడుతుంది. ఎన్నో సైకిల్‌కి ఆ వెలుగు హద్దు దాటిందో, రిపోర్టులో సీటీ వాల్యూ అని రాసేది అదే.

ఏడో మెట్టు: సీక్వెన్సింగ్, దాచుకోవడం

మిగిలిన పీసీఆర్ ముక్కని కాలమ్‌తో శుభ్రం చేసి, రెండు ప్రైమర్లతోనూ సాంగర్ సీక్వెన్సింగ్‌కి పంపండి. ఒక వైపు నుంచి 700-900 బేస్‌లే బాగా చదవగలరు కాబట్టి రెండువైపుల నుంచీ కావాలి. వచ్చిన ఫైల్లో మొదటా చివరా పీకులు గజిబిజిగా ఉన్న భాగం కత్తిరించి, రెండూ కలిపి, ఎన్‌సీబీఐ బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్స్‌లతో పోల్చి చూపే ఆన్‌లైన్ సాధనం) వెతకండి. 99 శాతం పోలిక వచ్చిందని వెంటనే స్పీషీస్ పేరు రాసేయొద్దు. జియోబాసిల్లస్‌లో చాలా స్పీషీస్‌ల 16ఎస్ దాదాపు ఒకేలా ఉంటుంది. జీనస్ పేరు రాసి ఊరుకోవడమే నిజాయితీ.

ఆ సాయంత్రమే కల్చర్‌ని దాచండి. రాత్రంతా పెరిగిన బ్రాత్‌లో చివరికి 20 శాతం అయ్యేలా స్టెరైల్ గ్లిజరాల్ కలిపి, మైనస్ 80లో కనీసం మూడు ట్యూబులు పెట్టండి. కొత్తగా ఏదైనా అనిపిస్తే చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి కల్చర్ కలెక్షన్‌లో డిపాజిట్ చేయండి. బ్రాక్ వైటీ-1ని అమెరికాలోని అలాంటి కలెక్షన్‌కి ఇచ్చి ఉండకపోతే, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత సీటస్ వాళ్లకి టాక్ తీయడానికి ఆ బ్యాక్టీరియా చేతికి అంది ఉండేది కాదు. వాళ్లు తీసుకున్నది అక్కడి నుంచే.

ట్యూబు మీద తేదీ, నమూనా తెచ్చిన ఊరు, మీడియం పేరు రాయండి. వాటితోపాటు ఇంక్యుబేటర్‌లో పెట్టిన అంకె కూడా పెద్దగా రాయండి. రేపు మీ జూనియర్ ఆ ట్యూబు తీసి, అలవాటుగా 37 దగ్గర పెట్టి, రెండు రోజులు చూసి, చచ్చిపోయిందనుకుని పారేయకుండా ఉంటారు.